డెల్ఫీనియం గారికి గాలి ఆడాలి

భివండీలో కార్ఖానా నడిపే ప్రతి గృహస్థుడూ ఒక డెల్ఫీనియం మొక్కను విత్తనం నుంచి పెంచి తీరాలి!

ఇది సలహా కాదు. నా చేతిలో ఉంటే చట్టమే చేసేవాణ్ణి. లైసెన్సుకు, కరెంటు మీటరుకు అర్జీ పెట్టుకునేటప్పుడు డెల్ఫీనియం కుండీ పక్కన నిలబడి దిగిన ఫొటో కూడా జతచేయాలనేవాణ్ణి. నేను తోటల పండితుణ్ణి కాను. ఏడో తరగతి దాకా చదివి మరమగ్గాల మధ్య పడినవాణ్ణి. నలుగురు వచ్చి అడిగారు కాబట్టే ఈ నాలుగు మాటలు రాస్తున్నాను. ఆ నలుగురు ఎవరో చివర్లో చెబుతాను.

డెల్ఫీనియం అంటే ఏమిటని మీరు అడుగుతారు. ఏడాది కింద నేనూ అడిగాను. అది చల్లటి దేశాల్లో పూసే పువ్వు. నడుమెత్తు కాడ, కాడ పొడుగునా కింది నుంచి పైదాకా నీలి పూలు. దీపస్తంభానికి ఎవరో నీలి దీపాలు పెట్టి వెళ్ళినట్టు ఉంటుంది. చూస్తే చేతులు వాటంతట అవే జోడవుతాయి. అంటే, నేను క్యాలెండర్‌లో చూశాను. ఇక ముందు కూడా క్యాలెండర్‌లోనే చూస్తాననిపిస్తోంది. అంతమాత్రాన మొక్క గొప్పతనం తగ్గుతుందా?

అసలు పూసే మొక్కను పెంచడంలో ఘనత ఏముంది? బంతి గింజలు చల్లి మరచిపోతే దసరాకు అవే పూస్తాయి. బంతికి మనతో పనే లేదు. డెల్ఫీనియం అలా కాదు. అది మనకు పని చెబుతుంది. మన ఇల్లు మార్పిస్తుంది. మన బుద్ధి మారుస్తుంది. పువ్వు ఒక్కటే ఇవ్వదు!

మొదలు ఎలా అయిందో చెబుతాను.

మాది మహారాష్ట్రలో, ముంబై పక్కనున్న ఈ భివండీలోని నార్పోలి పేట. కింద కార్ఖానా, పైన ఇల్లు. కింద పన్నెండు మరమగ్గాలు. మేం వాటిని సాంచాలంటాం. వాటి మోత వల్ల మా ఇంట్లో రహస్యాలు కూడా కేకలేసే చెప్పుకుంటాం. ఆ పన్నెండింటిలో ఆరు నడిపేవాడు నర్సింగం. కరీంనగర్ దిక్కు నుంచి నా తరువాత వచ్చినవాడు. ఇరవై రెండేళ్లుగా నా దగ్గరే ఉన్నాడు. అతని భార్య ఐలవ్వ ఒక మూలన కూర్చుని నూలు కండెలు చుడుతుంది.

నర్సింగానికి దగ్గు. నూలు నుంచి లేచే ధూళి కార్ఖానాలో పొగమంచులా తిరుగుతుంది. పొద్దున నల్లటి కనుబొమలతో వచ్చిన మనిషి సాయంత్రానికి తెల్లటి కనుబొమలతో వెళతాడు. రెండు ఎండాకాలాలుగా అతను నన్ను ఒకటే అడుగుతున్నాడు.

"సేఠ్, గా ఎనక గోడకు ఒక్క ఎగ్జాస్ట్ ఫ్యాన్ పెట్టియ్యరాదు? ధూళి బయటికి గుంజుతది. డాక్టర్ గుడ గదే చెప్తున్నడు."

"గాలి తగిల్తే పోగు తెగుతది నర్సింగం. నీకు తెల్వనిదా?"

"పోగు తెగితె అతికిస్త సేఠ్. ఊపిరి తెగితె ఎట్ల అతికియ్యాలె?"

జవాబు లేని ప్రశ్నలను నేను దేవుడికి అప్పగిస్తాను. భక్తుడికి ఉన్న సౌకర్యమే అది!

మా పూజ అల్మారా పక్కన సైజింగ్ కంపెనీ వాళ్ళిచ్చిన క్యాలెండర్ ఉంటుంది. గడిచిన అక్టోబర్ నెల పేజీలో ఈ నీలి పూలు వచ్చాయి. దండం పెట్టుకుంటుంటే కింది నుంచి నర్సింగం దగ్గు వినిపించింది. పన్నెండు సాంచాల మోతను దాటుకుని పైకి వచ్చిందంటే ఎంత దగ్గో ఆలోచించండి. అప్పటికప్పుడు మొక్కుకున్నాను.

"స్వామీ, మా కులపురుషుడు మార్కండేయుణ్ణి యముడి పాశం నుంచే విడిపించినవాడివి. ఒక మనిషి దగ్గు నీకొక లెక్కా? నర్సింగం దగ్గు తగ్గించు. ఈ నీలి పూలకాడను నా చేతులతో పెంచి, మార్కండేయ జయంతి నాడు నీలకంఠుడివైన నీకు సమర్పిస్తాను."

ఫ్యాన్ పెడితే ధూళి ఒక్కటే పోతుంది. పువ్వు పెడితే దగ్గూ పోతుంది, పుణ్యమూ వస్తుంది. బుద్ధిమంతుడు ఏది ఎంచుకుంటాడు?

మా అమ్మాయి ప్రాజక్త కాలేజీలో చదువుతోంది. తనే ఫోన్‌లో వెతికి పేరు కనిపెట్టింది, విత్తనాలు తెప్పించింది. పాకెట్ వెనక ఇంగ్లిష్‌లో రాసిందంతా చదివి చెప్పింది. వింటుంటే నాకు చెమటలు పట్టాయి. విత్తనాలను రెండు వారాలు ఫ్రిజ్‌లో ఉంచాలట. చీకట్లో ఉంచాలట. మొలిచాక ఎండ ఎక్కువ తగలకూడదు, వేడి తగలకూడదు, ధూళి పడకూడదు, కుదుపు ఉండకూడదు. తడి ఉండాలి కానీ నీళ్ళు నిలవకూడదు. అన్నిటికంటే ముఖ్యంగా గాలి ఆడాలి!

కొత్త అల్లుడు కూడా ఇన్ని అడగడు. అయినా నాకు కోపం రాలేదు. పాపం, కొత్తగా వస్తున్న జీవి. ఏం కావాలో ముందే రాతపూర్వకంగా చెప్పింది. తప్పేముంది?

ఫ్రిజ్‌లో ఒక అర మొత్తం ఖాళీ చేయించాను. మా ఆవిడ గంగాబాయి పాలగిన్నె చేతిలో పట్టుకుని నిలబడింది.

"ఏంది ప్రాజక్త నాయినా గిది? పాలు పెట్టనీకి జాగ లేదు. గింజలకు ఏసీ డబ్బానా?"

"రెండు వారాలే."

"మా అవ్వ ఒచ్చినప్పుడు రెండు దినాలకే మొకం మాడ్చుకున్నరు!"

పెద్దవాళ్ళు కొన్ని మాటలు పట్టించుకోకూడదు. నేను పట్టించుకోలేదు.

విత్తనాలను తడి గుడ్డలో చుట్టాలని పాకెట్‌లో ఉంది. గుడ్డ! ప్రపంచంలో ఎవరికైనా గుడ్డ కొరత ఉండవచ్చు కానీ నాకా? అప్పుడే సాంచా నుంచి దిగిన కోరా తానులోంచి జానెడు ముక్క కత్తిరించాను. నా కార్ఖానాలో, నా సాంచా మీద నేసిన బట్టలో స్వామివారి పూల విత్తనాలు! కళ్ళు చెమర్చాయి. నలభై గింజలు లెక్కపెట్టి చుట్టి, తడిపి, డబ్బాలో పెట్టి, చీకట్లో ఉంచాను.

ఇక్కడ ఒక సందేహం వచ్చింది. ఫ్రిజ్ తలుపు వేశాక లోపల లైటు నిజంగా ఆరుతుందా? ఎవరు చూశారు? అది తెలుసుకోవాలని రోజుకు పదిసార్లు తలుపు తెరిచాను. తెరిచినప్పుడల్లా లైటు వెలిగే ఉంది!

పదిహేనో రోజు డబ్బా తీసి గుడ్డ విప్పాను. అద్భుతం! గింజ గింజకూ తెల్లగా, మెత్తగా, నూగులాంటి మొలకలు. గంగాబాయి చేత హారతి ఇప్పించాను. కింద సాంచాలు ఆపించి అందరినీ పైకి పిలిచాను. నర్సింగం వచ్చి వంగి చూశాడు. వాసన చూశాడు.

"సేఠ్, గివి మొలకలు గావు."

"మరేంది?"

"బూజు. కోరా బట్ట గద సేఠ్. పోగులకు సైజింగ్ గంజి ఉంటది. తడి గంజి పదిహేను దినాలుంటె బూజు పట్టదా?"

ముప్పై ఏళ్లుగా నేను నేయించే బట్ట! నేత పోగులకు గంజి పట్టించనిదే సాంచా ఎక్కదని, ఆ గంజి పోవాలంటే బట్ట ఉతకాలని మా కులంలో పసిపిల్లలకు కూడా తెలుసు. బూజుకు హారతి ఇచ్చిన మొదటి పద్మశాలిని నేనే అయి ఉంటాను. ఐలవ్వ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. దగ్గు ఆపుకోవడానికి కాదు.

కానీ చూడండి, ఇదంతా డెల్ఫీనియం పెట్టిన పరీక్ష! వినయం నేర్పింది. బంతి నేర్పుతుందా?

రెండో పాకెట్ తెప్పించాను. ఈసారి పదేళ్లు ఉతికి ఉతికి గంజి ఊసే మరచిపోయిన నా పాత ధోవతి ముక్కలో చుట్టాను. నలభైలో ఆరు మొలిచాయి. నిజంగా మొలిచాయి. ఆకుపచ్చగా. ఈసారి ముందు నర్సింగానికి చూపించి, తరువాత హారతి ఇచ్చాము.

ఇక కుదుపు సంగతి. కింద పన్నెండు సాంచాలు ఆడుతుంటే మా ఇంట్లో గ్లాసులో నీళ్ళు కూడా నిమ్మళంగా ఉండవు. మరి ఈ పసికూనలు ఎలా ఉంటాయి? ప్రాజక్త చిన్నప్పటి ఉయ్యాల తాళ్ళు అటక మీది నుంచి దించి, ట్రేను దూలానికి వేలాడదీశాను. ఇల్లంతా అదురుతుంటే మొలకలు మాత్రం హాయిగా ఊగుతూ ఉండేవి. గంగాబాయి పక్క నుంచి వెళ్ళేటప్పుడు అలవాటుగా ఒక ఊపు ఊపి వెళ్ళేది. తిట్టుకుంటూనే అనుకోండి.

వారం తిరగకముందే మూడు మొలకలు మొదట్లో మెత్తబడి ఒరిగిపోయాయి. నాకు అన్నం సహించలేదు. ప్రాజక్త ఫోన్‌లో చూసి కారణం చెప్పింది.

"నాయినా, త్యాలా హవా పాహిజే! గాలి ఆడక సస్తున్నయ్ అవి. గాలి కావాలె దానికి, సమజ్లా?"

సమజైంది. రెండు రోజుల్లో ఎగ్జాస్ట్ ఫ్యాన్ తెచ్చాను.

బిగించడానికి మా దగ్గర వైరింగ్ పని తెలిసినవాడు ఒక్కడే. నర్సింగం. పైకి పిలిచాను. అతను స్టూలు ఎక్కాడు. ఐలవ్వ స్టూలు పట్టుకుంది. అతను ఫ్యాన్‌ను రెండు చేతుల్లో పట్టుకున్నాడు. మూడు రెక్కలూ వేలితో తిప్పి చూశాడు. తరువాత స్క్రూలు బిగించాడు. మధ్యలో దగ్గు వచ్చింది. ముఖం మొలకల వైపు నుంచి తిప్పుకుని, కిటికీ బయటికి దగ్గాడు.

"పసికూనల మీద దగ్గొద్దు గద సేఠ్."

ఐలవ్వ మాత్రం ఊరుకోలేదు. "ఏం నసీబు రాసుకొని పుట్టిందోనమ్మ గీ చెట్టు. మేము గుడ పాకెట్లనే పుట్టాల్సి ఉండె."

వాళ్ళకు అసలు విషయం తెలియక అలా అంటున్నారని వివరంగా చెప్పాను. "ఐలవ్వా, ఇదంత ఎవలి కోసం? నర్సింగం దగ్గు కోసమే! అందుకే మొక్కుకున్న."

నర్సింగం స్టూలు దిగాడు. "గట్లనా సేఠ్. నాకు తెల్వకపాయె," అన్నాడు. ఎంతో వినయంగా అన్నాడు. ఎందుకో ఆ మాట నాకు రెండు రోజులు చెవిలో తిరిగింది.

మాఘం వచ్చింది. మార్కండేయ జయంతి వచ్చింది. ఆ మిగతా మూడు మొలకల్లోనూ నిలిచిన ఒకే ఒక్క మొక్కకు ఐదు ఆకులు. పువ్వు లేదు. గుడికి వెళ్ళి, ఫోన్‌లో ఆకుల ఫొటో తెరిచి స్వామికి చూపించాను. పూజారి గారు తొంగి చూసి, "కొత్తిమీరా?" అన్నారు. ఫోన్ మూసి జేబులో పెట్టుకున్నాను. గుళ్ళో కోపం తెచ్చుకోకూడదు.

మార్చిలో ఎండ ముదిరింది. మా పైఇంటి కప్పు రేకులది. మధ్యాహ్నం మనుషులమే అప్పడాల్లా అవుతాం. ఇరవై అయిదు డిగ్రీలు దాటితే మొక్క తట్టుకోలేదని పాకెట్ అంటోంది. గంగాబాయి, నేను, ప్రాజక్త ముగ్గురం ఇల్లంతా తిరిగి చల్లటి చోటు వెతికాం. లేదు. చివరికి దొరికింది. ఎక్కడో తెలుసా? కింద కార్ఖానాలో, తానులు పేర్చే వెనక గోడ మూల. ఎండ ఎన్నడూ తగలని మూల.

చల్లదనం సరే. కుదుపుకు కింద గోనెసంచులు పరుస్తాం. ధూళి? గాలి? డెల్ఫీనియం గారిని ఆ పొగమంచులో ఎలా ఉంచను? మనస్సాక్షి ఒప్పుకుంటుందా? కాబట్టి మొక్క కుండీతో పాటు ఫ్యాన్ కూడా కిందికి దిగింది.

"ఏ గోడకు పెడదాం నర్సింగం?"

అతను తానుల కట్ట ఒకటి పక్కకు జరిపాడు. వెనక గోడ మీద సుద్దముక్కతో గీసిన చదరం ఉంది. గీతల లోపల గోడ కొట్టాక ఫ్యాన్ సరిగ్గా అందులో పట్టింది. సుద్ద గీతల మీద కూడా ధూళి పేరుకుని ఉంది. ఎప్పుడు గీశావని నేను అడగలేదు.

స్విచ్ వేశాం. పోగులు టపటపా తెగుతాయని పన్నెండు సాంచాల మధ్య ఊపిరి బిగబట్టి నిలబడ్డాను. తెగలేదు. రోజూ తెగేవే తెగాయి. ధూళి మాత్రం బుద్ధిగా వరుసకట్టి గోడ వైపు నడిచింది. సాయంత్రానికి ఎదురు గోడ మీద క్యాలెండర్‌లో తేదీ కనబడింది!

నెల గడిచింది. ఒకరోజు సాంచాకు పడుగు చుట్టిన బీము తప్పుగా ఎక్కించానని నర్సింగం నన్ను తిట్టాడు. తిడుతూ ఉన్నాడు. ఇంకా తిడుతూనే ఉన్నాడు. నేను ఆశ్చర్యంతో వింటూ నిలబడ్డాను. ఎన్నేళ్లయిందో అతను మధ్యలో దగ్గకుండా ఒక మాట పూర్తిగా అని! దగ్గు పూర్తిగా పోలేదు. కానీ పై అంతస్తుకు ఎక్కి రావడం మానేసింది.

చూశారా భక్తి మహిమ? ఇంకా పువ్వు ఇవ్వకముందే స్వామి తన వంతు పని చేసేశాడు!

ఏప్రిల్ మూడో వారంలో డెల్ఫీనియం పోయింది. ఆకులు ముందు పసుపయ్యాయి, తరువాత కాగితమయ్యాయి, తరువాత లేవు. దానికి కావలసిన చల్లదనం ఇవ్వడం నా తరం కాలేదు. గాలి మాత్రం లోటు చేయలేదు.

గంగాబాయి వెంటనే అంది. "చెట్టు పాయె గద. గా ఫ్యాన్ తెచ్చి నా వంటింట్ల పెట్టుండ్రి. పోపు పొగకు నేను సస్తున్న."

న్యాయమైన కోరికే. ఫ్యాన్ వచ్చింది ఎవరి కోసం? మొక్క కోసం. మొక్క లేనప్పుడు కార్ఖానాకు ఫ్యాన్ దేనికి? స్క్రూడ్రైవర్ పట్టుకుని కిందికి దిగాను. నర్సింగం చెంబుతో కుండీకి నీళ్ళు పోస్తున్నాడు. ఎండిన పుల్ల కూడా లేని మట్టికి.

"ఏం చేస్తున్నవ్ నర్సింగం? అది సచ్చిపోయింది."

"సావలేదు సేఠ్. పై ఆకే పోయింది. ఏరు పానంతోనే ఉన్నది."

"నీకెట్ల తెలుసు?"

"నీళ్ళు తాగుతున్నది సేఠ్. ఏరు లేకుంటె ఎట్ల తాగుతది?"

మెట్ల మీది నుంచి ప్రాజక్త అరిచింది. "హో నాయినా, ఖరం ఆహే, నిజమే! పైన ఎండినా ఏరు నుంచి మల్ల వస్తది. పాకెట్ మీద రాసి ఉంది."

తన చేతిలో పాకెట్ లేదు.

"తవ్వి చూద్దామా?" అన్నాను.

నర్సింగం కుండీకి అడ్డంగా నిలబడ్డాడు. చేతిలో స్క్రూడ్రైవర్ ఉన్నది నాకు. కానీ భయంగా ఉన్నది కూడా నాకే. "తవ్వితె సస్తది సేఠ్. నమ్మాలె. మీరు దేవుణ్ణి ఎట్ల నమ్ముతున్నరు? తవ్వి చూసిండ్రా?"

స్క్రూడ్రైవర్ జేబులో పెట్టుకుని పైకి వచ్చాను. గంగాబాయికి వేరు సంగతి చెప్పాను. ఆమె ఏమనుకుందో, "సరె, ఏరున్నప్పుడు ఎట్ల తీస్తరు," అని వంటింటి కిటికీ ఇంకొంచెం తెరుచుకుంది.

ఇప్పుడు వానాకాలం. ఫ్యాన్ తిరుగుతూనే ఉంది. నర్సింగం రోజూ కుండీకి నీళ్ళు పోస్తున్నాడు. ఐలవ్వ కుండీకి పసుపు దారం కట్టి, బొట్టు పెట్టింది. పనివాళ్ళు లోపలికి వచ్చేటప్పుడు దానికి దండం పెట్టుకుంటున్నారు. నేనూ పెట్టుకుంటున్నాను. నా మొక్కు ఇంకా తీరలేదు. దగ్గు తగ్గించింది స్వామా, ఫ్యానా అని అప్పుడప్పుడు సందేహం వస్తుంది. స్వామినే అడిగాను. తీరని మొక్కు ఉన్నవాడితో స్వామి ఎక్కువ మాట్లాడడు.

మీకొక్కరికే చెబుతున్నాను, నర్సింగానికి చెప్పకండి. మొన్న సాంచాలు ఆగిన సెలవు రోజు ఒక్కణ్ణే కిందికి వెళ్ళాను. వేలితో మట్టి తీసి చూశాను. అడుగుదాకా చూశాను. ఏమీ లేదు. మట్టి మళ్ళీ సర్దాను. బొట్టు చెరిగిన చోట సరిచేశాను. నీళ్ళు పోశాను.

అందుకే అంటున్నాను, ప్రతి కార్ఖానాకూ ఒక డెల్ఫీనియం ఉండాలి! మనిషి అడిగితే రెండేళ్లలో రానిది ఈ మొక్క అడిగితే రెండు రోజుల్లో వస్తుంది. చచ్చాక కూడా ఇస్తూనే ఉంటుంది.

నన్ను రాయమని అడిగిన నలుగురి సంగతి చెబుతానన్నాను కదా. కార్ఖానాల యజమానులనుకున్నారా? వాళ్ళెవరూ రాలేదు. వచ్చింది ఎదురు కార్ఖానాలో పనిచేసే కనుకయ్య, అతనితో నాగావ్ పేట నుంచి ఇంకో ముగ్గురు. పని దిగి నేరుగా వచ్చినట్టున్నారు. నలుగురి కనుబొమలూ తెల్లగా ఉన్నాయి.

"సేఠ్, గా నీలిపువ్వు గింజలు ఏడ దొరుకుతయ్?" అన్నాడు కనుకయ్య, దగ్గు ఆగాక. "మా సేఠ్‌కు తీస్కపోయి ఇస్తం. జర మీరు పేపర్ల గుడ రాయుండ్రి, చదువుతడు. ఆయన గుడ బాగ భక్తుడే."

నా దగ్గర ఇంకో పాకెట్ ఉంది. ఇచ్చాను. ఉతికిన బట్టలోనే చుట్టాలని చెప్పాను.

పువ్వు ఎప్పుడు పూస్తుందని నలుగురిలో ఒక్కరూ అడగలేదు.